పత్తర్‌గట్టి: రాతి కమాన్లకు ముందున్న వీధి

హైదరాబాదులో మూసీ నది మీది నయాపూల్ వంతెన దాటి దక్షిణంగా నడిస్తే మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి, చార్ కమాన్, గుల్జార్ హౌజ్ వరసగా తగిలి చివరకు చార్మినార్ ఎదురవుతుంది. కిలోమీటరుకు కాస్త మించిన ఈ దారిని పంతొమ్మిదో శతాబ్దం నుంచి దర్బారు ఫోటోగ్రాఫర్లు, పోస్టుకార్డుల వ్యాపారులు, పత్రికలవారు, పర్యాటకులు తీస్తూనే ఉన్నారు కనుక, ఒకే చోటును వేర్వేరు కాలాల్లో పక్కపక్కన పెట్టి పోల్చే వీలు తెలుగు నేల మీద బహుశా మరే పాత బజారు విషయంలోనూ ఇంతగా లేదు. ఆ చిత్రాలను కాలక్రమంలో పేర్చినప్పుడు మొదట బయటపడే సంగతి కాస్త ఇబ్బంది పెట్టేదే: పాతబస్తీ ప్రాచీనతకు గుర్తుగా ఈనాడు అందరూ చూపించే పత్తర్‌గట్టి రాతి కమాన్లు పంతొమ్మిదో శతాబ్దపు ఫోటోల్లో లేవు. అంటే అవి ఆ ఫోటోల కంటే చిన్నవి. ఈ చిన్న వాస్తవం చుట్టూ అల్లుకున్న అపోహలను విప్పడానికి పాత ఫోటోలు ఎలా ఉపయోగపడతాయో, ఎక్కడ మోసం చేస్తాయో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. శ్రోతల కళ్ల ముందు చిత్రాలు లేవు కనుక వాటిలో ఉన్నదాన్ని మాటల్లో చెప్పుకోవలసి ఉంటుంది.

ముందుగా ఈ పేట అమరిక తెలియాలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు దానికి ఉత్తరాన ఒక విశాలమైన రాచ ముంగిలిని తీర్చిదిద్దారు. ఆ ముంగిలికి నాలుగు దిక్కులా నిలిచిన పెద్ద తోరణ ద్వారాలే చార్ కమాన్, వాటి నడుమనున్న నీటి తొట్టే గుల్జార్ హౌజ్. ముంగిలికి పడమటగా ఉండిన కుతుబ్‌షాహీ రాజప్రాసాదాలు ఫోటో అనే కళ పుట్టక ముందే నేలమట్టమయ్యాయి కాబట్టి, కెమెరా ఈ పేటకు వచ్చేసరికే ఇది ఒకసారి పూర్తిగా మారిపోయిన చోటు. రాచ ముంగిలి బజారుగా మారింది, సైన్యం బారులు తీరిన చోట దుకాణాలు వెలిశాయి, ఏనుగు అంబారీతో సహా సాగిపోగల కమాన్ల కింద కూరగాయల తట్టలు చేరాయి. పాత ఫోటోలో కనిపించేదే అసలు రూపమని భావించేవారు ఈ సంగతిని మరచిపోతారు. ఫోటో చూపించేది మార్పుల గొలుసులో మధ్యనున్న ఒక కొక్కేన్ని మాత్రమే.

ఈ పేటను ఫోటోల్లోకి తెచ్చినవారిలో ప్రధానంగా చెప్పుకోవలసింది లాలా దీన్‌దయాళ్‌ను. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో పుట్టి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ వైపు మళ్లిన ఈయన, 1880ల మధ్యలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా కుదిరి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొంది, 1905లో కన్నుమూశారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం. ఆయన ఇంజనీరుగా శిక్షణ పొందినవాడన్న సంగతి ఆయన తీసిన భవనాల చిత్రాల్లో ఇట్టే తెలుస్తుంది: గోడల నిట్టనిలువు గీతలు ఎక్కడా ఒరగవు, కమాను కేంద్రం చిత్రం కేంద్రానికి సరిగ్గా కుదురుతుంది, కట్టడం పునాది నుంచి శిఖరం దాకా చట్రంలో ఇముడుతుంది. నిజాం రాజ్య దృశ్యాలతో 1892 ప్రాంతంలో ఆయన తయారు చేసిన ఆల్బం ఒకటి తరువాత వైస్రాయిగా వచ్చిన లార్డ్ కర్జన్ సేకరణలో చేరి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆల్బం ఎవరి చేతికి వెళ్లిందో గమనిస్తే అందులో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. అతిథిగా వచ్చిన దొరకు కానుకగా ఇచ్చే పుస్తకంలో కోటలు, మహళ్లు, వంతెనలు, సైనిక విన్యాసాలు, ఊరేగింపులు ఉంటాయి గాని మురుగు పారే సందులు ఉండవు.

చిత్రాన్ని చదివే ముందు అది తయారైన పద్ధతి కూడా కొంత తెలిసి ఉండాలి. 1851 తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు రాజ్యమేలిన తడి పలకల పద్ధతిలో, గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే రసాయనాల్లో కడగాలి. కాబట్టి ఫోటోగ్రాఫర్ వెంట చీకటి గుడారం కూడా వీధిలోకి రావలసిందే. 1880 నాటికి జెలటిన్ పూసిన పొడి పలకలు బజారులో దొరకడంతో ఈ బాధ తప్పింది గాని, పెద్ద పలకను సన్నని ద్వారం గుండా వెలుతురుకు చూపించి ప్రతి చెక్కడాన్నీ స్పష్టంగా పట్టాలనుకున్నవారు కొన్ని క్షణాలైనా ఆగక తప్పేది కాదు. అంతసేపూ కదలకుండా నిలిచింది కట్టడాలే. నడిచిపోయే మనిషి మసక చారగా మిగులుతాడు, వేగంగా వెళ్లే గుర్రపు బండి అసలు కనిపించకుండా పోవచ్చు. అందుకే పాత బజారు ఫోటోలు చాలా ప్రశాంతంగా, ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆనాడు రద్దీయే లేదని, జనం తీరుబడిగా బతికారని వాటి ఆధారంగా తీర్మానించడం పొరపాటు. పైగా ఆనాటి పలకలు నీలి కాంతికి ఎక్కువగా, ఎరుపుకు చాలా తక్కువగా స్పందించేవి కనుక మబ్బు పట్టిన ఆకాశం కూడా తెల్ల కాగితంలా వస్తుంది, ఎర్రని పెంకులూ ఇటుకలూ నల్లగా పడతాయి. కోడిగుడ్డు తెల్లసొనతో పూత పూసిన కాగితం మీద ముద్రించినందువల్ల కాలం గడిచిన కొద్దీ తేలే పసుపు ఛాయ వేరు. పాతకాలపు హైదరాబాదు అనగానే మనసులో మెదిలే ఆ గోధుమ వన్నె ఊరి రంగు కాదు, కాగితానిది.

తేదీల సంగతి మరింత చిక్కైనది. ఈ ఫోటోలు చేతులు మారిన కొద్దీ కింద రాసిన వివరాలు చెరిగిపోవడమో, ఎవరో ఊహించి కొత్తవి రాయడమో జరిగింది. అటువంటప్పుడు చిత్రంలోని వస్తువులే సాక్ష్యం చెప్పాలి. చార్మినార్ నాలుగు ముఖాలకూ 1889లో గడియారాలు అమర్చారు. కనుక గడియారం కనిపిస్తున్న చిత్రానికి 1880 అని తేదీ వేస్తే అది తప్పని వెంటనే చెప్పవచ్చు. చార్మినార్‌కు పడమట మహబూబ్ చౌక్‌లో ఉన్న గడియారపు గోపురం 1892 నాటిది, అది కనిపిస్తే చిత్రం అంతకన్నా వెనక్కి పోదు. నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది 1932లో, కనుక బస్సున్న చిత్రం ఆ తర్వాతిదై ఉండే అవకాశమే ఎక్కువ. దుకాణాల బోర్డుల మీది లిపి కూడా ఇటువంటి ఆధారమే: ఉర్దూ రాజభాషగా సాగిన నిజాం పాలనలోని చిత్రాల్లో తెలుగు అక్షరం అరుదు, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఉర్దూ పక్కన తెలుగు బోర్డులు క్రమంగా పెరిగాయి. కొలతలకు సైతం చార్మినారే గజంబద్ద. దాని ఒక్కో భుజం సుమారు 20 మీటర్లని తెలుసు గనుక, దాని పక్కన కనిపించే దుకాణాల ఎత్తును, దారి వెడల్పును చిత్రం నుంచే రమారమిగా లెక్కగట్టవచ్చు.

ఇలా జాగ్రత్తగా చదివినప్పుడు 1908కి ముందున్న వీధి ఎలా కనిపిస్తుంది? దారికి ఇరువైపులా ఒకే ఎత్తులో లేని, ఒకే వరసలో నిలవని చిన్న దుకాణాలు, వాటి ముందుకు చాచిన పందిళ్లు, కొన్నింటిపై సున్నం కొట్టిన మేడ గదులు, అక్కడక్కడ దేవ్డీల ఎత్తైన ప్రహరీలు కనిపిస్తాయి. దేవ్డీ అంటే నవాబులూ జాగీర్దార్లూ తమ పరివారంతో నివసించిన పెద్ద లోగిలి. వీధి వైపు గోడ, సింహద్వారం, నగారాలు మోగించే నౌబత్‌ఖానా తప్ప మరేమీ చూపించకుండా వైభవమంతా లోపలి ఆవరణల చుట్టూ దాచుకునే కట్టడం. రోడ్డుకు నిర్ణీతమైన అంచు లేదు, కాలిబాట అన్న ఊహే లేదు. చార్మినార్ కూడా తన చుట్టూ ఖాళీ జాగా ఉన్న స్మారకంలా కాక, చిన్న కొట్లు దాదాపు పాదాల దాకా పాకి వచ్చిన నాలుగు వీధుల కూడలిలా కనిపిస్తుంది. పాదచారుల కోసమంటూ వాహనాలను ఆపి, రాళ్లు పరిచి ఈనాడు దాని చుట్టూ తీర్చిన ఖాళీ స్థలం నిజానికి ఆ కట్టడం చరిత్రలో కొత్త అధ్యాయం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ కథను రెండు ముక్కలు చేసింది. అప్పటి అంచనాల ప్రకారం సుమారు 15,000 మంది చనిపోయారు; అఫ్జల్‌గంజ్ (అదే నయాపూల్), ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి; అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలింది, దాని ఆవరణలోని చింతచెట్టు మీదికెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న సంగతి ఈనాటికీ ఆ చోట తర్వాత వెలిసిన ఉస్మానియా ఆసుపత్రి దగ్గర చెప్పుకుంటారు. వరద తర్వాత తీసిన ఫోటోలు అంతకు ముందరి చిత్రాలకు పూర్తిగా భిన్నమైన స్వభావం గలవి. వాటిలో సౌష్ఠవం లేదు, అందంగా కుదిర్చిన కోణం లేదు. విరిగిన వంతెన కమాన్లు, మట్టి దిబ్బల మధ్య నిలిచిన ఒంటి గోడలు, చూడవచ్చిన జనం. దర్బారు ఆల్బంలో చోటు దొరకని నది ఒడ్డు బస్తీలు కూలిపోయిన తర్వాతే కెమెరా కంట పడ్డాయి. మదీనా చౌరస్తా సమీపంలోని బాదుషాహీ అషుర్‌ఖానాలో, అంటే మొహర్రం నాటి పీర్లను నిలిపే మందిరంలో, గోడల దిగువ భాగపు రంగు పెంకులు వరదనీటికి పాడైతే తరువాత ఆ మేర సున్నపు పూత మీద రంగులతో నింపారు. నీరు ఎంత ఎత్తున నిలిచిందో చెప్పే గీత ఆ గోడ మీదే ఉన్నట్టయింది.

ఆ తర్వాత జరిగింది మరమ్మతు కాదు, కొత్త నిర్మాణం. 1909లో రప్పించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920లలో పూర్తయి వరద ముప్పు తగ్గింది. నగరం లోపల 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఉర్దూలో ఆరాయిష్-ఎ-బల్దా అని పిలిచిన సంస్థ, ఇరుకు ఇళ్లను సేకరించి పడగొట్టడం, రోడ్లు వెడల్పు చేయడం, బీదలకు చిన్న ఇళ్ల వాడలు కట్టడం వంటి పనులు చేపట్టింది. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా జబ్బులు ఊరిని పీడిస్తున్న ఆ రోజుల్లో గాలీ వెలుతురూ సోకని సందులను తెరిపించడం ఆరోగ్య రక్షణగానే భావించారు. నయాపూల్ నుంచి చార్మినార్ వైపు దారిని వెడల్పు చేసి, దాని ఇరువైపులా నల్లరాతి కమాన్ల వసారాలతో, కింద దుకాణాలు, పైన గదులు ఉండేట్టు, ఒకే ఎత్తులో ఒకే తీరులో కట్టించిన వరసే నేటి పత్తర్‌గట్టి. అదే కాలంలో నది ఒడ్డున విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పనలో హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి.

ఈ క్రమమంతా ఎదురుగా పెట్టుకుంటే పాతబస్తీ గురించి తరచుగా వినవచ్చే విలాపం ఒకటి నిలబడదు. నిజాముల నాటి సొగసైన బజారును నిన్న మొన్నటి వ్యాపారులు, మునిసిపాలిటీలు పాడు చేశాయని చెప్పేవారు చూపించే పాత ఫోటో సాధారణంగా 1930ల తర్వాతిది. అందులోని సమరూపమైన కమాన్ల వరస కోసం ఎన్నో ఇళ్లు, ఎన్నో కొట్లు, బహుశా తరతరాల హక్కులు కూల్చివేతకు గురయ్యాయి. ఆ కూల్చివేత ఎంత పెద్దదో 1880ల నాటి ఫోటోను పక్కన పెడితే గాని తెలియదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ముప్పై ఏళ్లలో ఈ వీధికి కలిగిన మార్పు, ఆ తర్వాతి తొంభై ఏళ్లలో కలిగిన మార్పు కంటే మౌలికమైనదని ఫోటోలు స్పష్టంగా చెబుతున్నాయి. దీనివల్ల పత్తర్‌గట్టి విలువ తగ్గిపోదు. రాతిపని నాణ్యతలోను, ఎండావానల నుంచి కొనుగోలుదారుకు నీడనిచ్చే వసారా ఆలోచనలోను అది ఆ కాలపు నగర నిర్మాణాల్లో మేలైనదే. ఈ రోజు కమాన్ల మీద వేలాడే ఫ్లెక్సీలు, తీగల చిక్కులు, వసారాల్లోకి జరిగిన సరుకు దాని అందాన్ని మూసేస్తున్న మాటా నిజమే. అయితే వారసత్వమని కాపాడేదాన్ని అదెప్పటిదో తెలిసి కాపాడాలి.

నగర ప్రాకారం విషయంలో ఫోటోలు చేసే సాయం ఇంకొక రకమైనది, ఎందుకంటే అక్కడ పోల్చడానికి ఇప్పుడేమీ మిగలలేదు. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి నిజాం పూర్తి చేయించిన రాతి గోడకు ఉండిన దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు రెండే నిలిచి ఉన్నాయి. అయిదవ నిజాం పేరున నయాపూల్ వంతెనతోబాటు నిలిచిన అఫ్జల్ దర్వాజాను 1950లలో రాకపోకలకు అడ్డమని తొలగించారు. ఆ ద్వారం ఎంత ఎత్తుండేదో, వంతెన దిగినవాడికి నగరం మొదట ఎలా కనిపించేదో ఇప్పుడు పాత ఫోటోల వల్లనే తెలియాలి.

దేవ్డీల కథ మాత్రం ఫోటోల్లో మరింత విషాదంగా కనిపిస్తుంది. నిజాముల దివాన్లైన సాలార్‌జంగుల నివాసం దివాన్ దేవ్డీ లోపలి అద్దాల శాల, బారాదరి అనే పన్నెండు ద్వారాల మండపం, బల్లల మీద పేర్చిన గాజు సామాను దీన్‌దయాళ్ కాలపు చిత్రాల్లో కనిపిస్తాయి. 1948లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగియడం, 1949లో జాగీర్దారీ రద్దు కావడం, అదే ఏడు మూడవ సాలార్‌జంగ్ వారసులు లేకుండా మరణించడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఆయన సేకరణతో 1951లో అదే దేవ్డీలో నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలింది, దేవ్డీ కాలక్రమంలో దుకాణాల సముదాయాలకు చోటిచ్చి చాలామేరకు మాయమైంది. ఇతర దేవ్డీలదీ ఇదే దారి: జాగీరు రాబడి ఆగిపోయాక వంద గదుల ఇంటిని నిలబెట్టే స్తోమత ఎవరికీ లేదు, వారసుల మధ్య పంపకాలు తెగలేదు, కొందరు పాకిస్తానుకు వలసపోయారు. హుసేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవ్డీ స్తంభాల ముఖమండపం నేటికీ నిలిచి ఉన్నా, దాని పాత చిత్రంతో పోల్చడానికి ధైర్యం కావాలి. దీనికి భిన్నంగా నిజాముల చౌమహల్లా ప్యాలెస్ శిథిలావస్థ నుంచి కోలుకొని, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం పొందింది. అక్కడ ప్రదర్శనకు పెట్టిన ఆసఫ్‌జాహీల నాటి ఫోటోలను, అవి చూపించే కట్టడాల మధ్యనే నిలబడి చూసే వీలుంది.

ఇంత చెప్పిన తర్వాత కూడా ఫోటోల్లో దొరకని పాతబస్తీ చాలా ఉంది. చార్మినార్ పక్కనున్న లాడ్ బజారులో లక్క గాజులు కొన్నది స్త్రీలే అయినా, పర్దా పాటించిన ఆ సమాజంలో వీధి చిత్రాల్లో స్త్రీలు దాదాపు కనిపించరు. వారి కోసం ప్రత్యేకంగా ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరవవలసి వచ్చింది. గాజుల కోసం లక్క కరిగించినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు, రాత్రిళ్లు పాకీ పని చేసినవాళ్లు చిత్రంలోకి వచ్చినా మసకగానే వచ్చారు. ఈ లోటును కొంతవరకు పూడ్చేది 1912 నుంచి 1915 వరకు లియోనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో తయారైన మునిసిపల్ సర్వే పటాలు. ఇల్లిల్లూ, బావిబావీ, సందుసందూ గీసిన ఈ పటాలు సరిగ్గా వరదకూ బోర్డు వారి కూల్చివేతలకూ నడుమ తయారయ్యాయి కనుక, ఫోటోలో ఒక మూలన తునకగా కనిపించే గోడ ఎవరి లోగిలిదో, ఆ వెనుక ఏముందో పటం మీద వేలు పెట్టి చూపించవచ్చు. ఫోటో ఎత్తును ఇస్తుంది, పటం లోతును ఇస్తుంది. రెంటినీ జత చేయని వర్ణన ఏదైనా సగమే.

ఈ చిత్రాల మూలాలు ఇప్పుడు ఒకచోట లేవు. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగెటివులు పెద్ద సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి, ఆల్బంలు లండన్ దాకా వెళ్లాయి, దుకాణాల గల్లాపెట్టెల వెనుక గోడలకు వేలాడే తాతల నాటి ఫోటోలు మాత్రం ఎవరి జాబితాలోనూ చేరలేదు. ఈలోగా పాతబస్తీలో మరోసారి గోడలు కూలుతున్నాయి: ఎంజీబీఎస్ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో మార్గం కోసం పత్తర్‌గట్టికి తూర్పుగా దారుల్షిఫా, శాలిబండ మీదుగా పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నారు. నష్టపరిహారం తేల్చడానికి ఆస్తుల కొలతలు, ఫోటోలు తీసి దస్త్రాల్లో పెట్టడం భూసేకరణలో మామూలు వ్యవహారమే. అందం కోసం తీయనివి, ఏ దొరకూ కానుకగా ఇవ్వనివి, కిటికీ నుంచి మెట్టు దాకా, అద్దెకున్న కొట్టు నుంచి పెరటి రేకుల షెడ్డు దాకా అన్నింటినీ సమానంగా చూసే ఆ ఫోటోలు, లెక్కలు తేలిన తర్వాత మూలపడకుండా తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల కార్యాలయానికి చేరితే, రాబోయే చరిత్రకారుడికి దర్బారు ఆల్బంల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.